వానకాలంలో రండి

మా వైపు అతిథులు వచ్చే కాలం ఒకటుంది. దీపావళి వెళ్లి, గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు దించి, దండారీ డప్పులు గోడకెక్కి, పత్తి చేలు తెల్లబడ్డాక వస్తారు. క్రిస్మస్‌కు ముందు ఎక్కువ, సంక్రాంతి సెలవుల్లో కొంచెం తక్కువ. కరీంనగర్ నుంచి, హైదరాబాద్ నుంచి, ఒక్కోసారి కేరళ నుంచి కూడా. అప్పటికి రోడ్లు ఆరి ఉంటాయి, వాగులు సన్నబడి ఉంటాయి, కెరమెరి ఘాట్ మీద పొద్దున్నే మంచు కమ్మి ఫోటోలు బాగా వస్తాయి. బస్సు నిండా దుప్పట్లు, పలకలు, బిస్కెట్ ప్యాకెట్లు, మందుల పెట్టెలు. పొద్దు గూకకముందే ఘాట్ దిగిపోతారు.

మాకు జబ్బులు వచ్చే కాలం వేరు. అది జూలైలో మొదలవుతుంది. వాగు ఎర్రబారి, ఆ నీళ్లే చెలిమల్లోకీ బావుల్లోకీ దిగుతాయి. ముందు పిల్లలకు వాంతులు, విరేచనాలు. వెనకే చలిజ్వరం. గుమ్మిలో జొన్నలు అడుగంటేదీ అప్పుడే. కొత్త పంట ఇంటికి రావడానికి ఇంకా మూడు నెలలుంటుంది. వాగు పొంగితే 108 బండి అవతలి గట్టునే ఆగిపోతుంది. మనిషిని మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోయాలి. సెప్టెంబరు దాటేదాకా ఇంతే. ఆ మూడు నెలల్లో మా గూడేలకు ఆశ కార్యకర్త, ఏఎన్ఎం తప్ప బయటి మనిషి రావడం అరుదు.

చర్చి బృందాలతో కలిసి సేవకు తిరిగిన అనుభవం రాయమని ఈ పుస్తకం వేస్తున్న పెద్దలు అడిగినప్పుడు మాకు మొదట తట్టింది ఈ రెండు కాలాల తేడానే.

మేమంటే మొదట నలుగురం. ఇద్దరం గోండులం, ఒకరు కొలాం, ఒకరు ప్రధాన్. ఆశ్రమ పాఠశాలల్లో చదివి డిగ్రీకి కరీంనగర్ వెళ్లినవాళ్లం. మాలో ఒకరిది తాత కాలంలోనే బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. మిగతా ముగ్గురం పెర్సాపేన్‌కూ, అయ్యక్‌కూ మొక్కే ఇళ్లవాళ్లం. 2017 చలికాలంలో కాలేజీ దోస్తు ఒకడు వచ్చి, “మా చర్చి యూత్ మీ దిక్కే మిషన్ ట్రిప్ పోతున్నది. మీ భాష తెల్సినోళ్లు కావాలె, వస్తరా?” అన్నాడు. ఊరికి టికెట్ లేకుండా పోవచ్చని ఒప్పుకున్నాం. అబద్ధమెందుకు?

కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం మీదుగా పోయి రాయపట్నం వంతెన దగ్గర గోదావరి దాటాలి. అక్కడిదాకా బస్సులో పాటలే పాటలు. నర్సింగ్ చదివే అమ్మాయిలు, బీటెక్ పిల్లలు, రిటైరైన ఫార్మసిస్టు ఒకాయన, ఒక డాక్టరమ్మ, పాస్టరు అయ్యగారు. లక్షెట్టిపేట, మంచిర్యాల, బెల్లంపల్లి దాటి ఆసిఫాబాద్ వచ్చేసరికి అందరూ నిద్రపోయారు. ఘాట్ ఎక్కేటప్పుడు లేచి, “ఎంత అందంగా ఉంది బ్రదర్ మీ ఊరు” అన్నారు. అందంగానే ఉంటుంది. మేం కాదనలేదు.

ఆ మొదటి క్యాంపు కెరమెరి మండలంలో ఒక కొలాం గూడెంలో. బడి వరండాలో బల్లలు వేశారు. మా పని డాక్టరమ్మ పక్కన నిలబడి మాట దాటించడం. నీళ్లను గోండిలో ‘ఏర్’ అంటాం, కొలామీలో ‘ఈర్’ అంటారు. తెలుగువాళ్లకు ఏరు అంటే పారే నీళ్లు. ఇంత దగ్గరి మాటలున్నా, పట్నం తెలుగులో “విరేచనాలు అవుతున్నాయా, ఆకలి ఎలా ఉంది” అని అడిగితే గూడెం ముసలమ్మకు అందదు. ఒక అవ్వ వచ్చి కూర్చుంది. నీరసం అంది. తర్వాత చాలాసేపు చెప్పింది. అల్లుడు చంద్రాపూర్ వైపు కూలికి పోయాడని, కూతురు మళ్లీ నీళ్లోసుకుందని, ఆవు చచ్చిపోయిందని, జొన్నలు ఇన్నే ఉన్నాయని. మాలో కొలామీ వచ్చినవాడు అంతా విని, “నీరసంగా ఉందట మేడమ్” అన్నాడు.

“అంతసేపు చెప్పింది కదా తమ్ముడూ, నువ్వు ఒక్క ముక్క చెప్తున్నావేంటి?” అంది డాక్టరమ్మ.

అప్పుడు మిగతాదీ చెప్పాడు. అవ్వ పొద్దున ఒక్కపూట తిని రెండో పూటది మనవళ్లకు ఉంచుతోందని చెప్పాడు. డాక్టరమ్మ చేతిలో ఉన్న విటమిన్ సీసా బల్ల మీద పెట్టింది. కొంచెంసేపు ఏమీ రాయలేదు. ఆ రోజు తర్వాత ఆమె ప్రతి చీటీ మీదా మందు పేరు కింద ఇంకో గీత గీసి, ఇంట్లో ఎంతమంది, తిండిగింజలు ఎన్నాళ్లకు ఉన్నాయి అని రాయించేది. కరీంనగర్ వెళ్లాక ఆ చీటీలు ముందు పెట్టుకునే పై ఏడాది ఏం తేవాలో ఆలోచించారట. భాష తెలిసినవాడు పక్కన లేకపోతే అవ్వకు విటమిన్లే దక్కేవి.

ఇంకో సంగతి. మొదటి ఏడాది మాట దాటించేవాళ్లం నలుగురం మగపిల్లలమే. మమ్మల్నే పిలిచారు, మేమే ఉన్నాం. గూడెం ఆడవాళ్లు వరుసలో నిలబడి, బల్ల దగ్గరికి వచ్చి మమ్మల్ని చూసి, “తలనొప్పి” అని చెప్పి గోలీలు తీసుకుని పోయారు. ఇరవై మందికి ఇరవై మందికీ తలనొప్పే. డాక్టరమ్మకు అర్థమైంది. రెండో ఏడాది మా చుట్టాల్లో నర్సింగ్ చదివే ఇద్దరు అక్కచెల్లెళ్లు కలిశారు. గోనెపట్టాతో ఒక మూల మరుగు కట్టారు. ఆ ఏడు తలనొప్పి తగ్గి అసలు జబ్బులు బయటపడ్డాయి. నెలసరి ఆగకుండా పోతున్నవాళ్లు, గర్భసంచి జారినవాళ్లు, మూడు కాన్పులు పోయినా ఎవరికీ చెప్పనివాళ్లు. అప్పటి నుంచి మేం ఆరుగురం.

పాత బట్టల గురించి ఎక్కువ రాయం. రెండు మూటల్లో సగం చిరిగినవి, సగం కోట్లు, జీన్సు. గూడెం పట్లా ఒక కోటు ఎత్తి చూసి మడిచి మళ్లీ మూటలో పెట్టాడు. “మేం అడిగినమా?” అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవడానికి. అయ్యగారు మూటలు బస్సెక్కించారు.

రాయవలసింది రక్తపరీక్షల గురించి. మా గోండు, కొలాం ఇళ్లలో సికిల్ సెల్ ఉంది. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగుతుంది. వంగిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. కీళ్లు, ఎముకలు, కడుపు భరించలేనంత నొప్పి పెడతాయి. ఒంట్లో రక్తం నిలవదు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గర నుంచే ఆ లక్షణం వస్తే మనిషి సాధారణంగా బాగానే ఉంటాడు, అతన్ని క్యారియర్ అంటారు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఇప్పుడు దీన్ని గురించి కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ఒక జాతీయ మిషనే మొదలుపెట్టింది. మేం చెప్పేది దానికి ముందు, 2019 సంగతి.

ఆ ఏడు కరీంనగర్ బృందం ఒక ల్యాబ్‌ను ఒప్పించి గూడెంలో పెళ్లీడు పిల్లలందరికీ రక్తం తీయించింది. మంచి పనే. బస్సు వెళ్లిపోయింది. మూడు వారాల తర్వాత ఫలితాల కాగితాలు కవరులో వచ్చాయి, అన్నీ ఇంగ్లీషులో. ఎవరికి వచ్చాయి? మాకు. బృందం మళ్లీ వచ్చేది పై డిసెంబరుకు. కాగితాల్లో ఏడుగురు క్యారియర్లు, ఒక పాపకు జబ్బే ఉంది. ఆ ఏడుగురిలో ఒక పిల్ల, ఒక పిల్లగాడు వచ్చే నెలలో ఒకరినొకరు చేసుకోబోతున్నవాళ్లు.

ఆ కాగితాలు పోస్టులో వేసి చేతులు దులుపుకోలేం. ఎవరి కాగితం వాళ్లకే ఇవ్వాలి, అందరి ముందు చదవకూడదు అని మా పెద్ద చెల్లె గట్టిగా పట్టుబట్టింది. “పిల్లకు రోగం ఉందన్న మాట ఒక్కసారి గూడెంలో పడితే, దాన్ని మళ్లీ ఎవరు తీస్తరు?” అంది. మూడు రోజులు గూడెంలోనే ఉన్నాం. ఆ రెండు ఇళ్లవాళ్లనూ విడివిడిగా కూర్చోబెట్టి, జొన్నగింజలు, కందిగింజలు నేల మీద పోసి చెప్పాం. తల్లి దగ్గర ఒక తెల్లగింజ ఒక ఎర్రగింజ, తండ్రి దగ్గర ఒక తెల్లది ఒక ఎర్రది. పుట్టే బిడ్డ ఇద్దరి దగ్గర నుంచీ చెరొక గింజ తీసుకుంటుంది. నాలుగు రకాలుగా పడొచ్చు. నాలుగింటిలో ఒక తీరున రెండూ ఎర్రవే పడతాయి. అది ప్రతి కాన్పుకూ ఉండే లెక్క. మొదటి బిడ్డకు జబ్బు వస్తే మిగతా ముగ్గురికి రాదని కాదు. పెళ్లి చేసుకోవద్దని మేం చెప్పలేదు, అది మా పని కాదు. చేసుకుంటే మొదటి నెలల్లోనే పెద్దాసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించుకోవచ్చని చెప్పాం.

పిల్ల తండ్రి గింజలను చాలాసేపు అటూ ఇటూ కదిపాడు. మాతో తిరిగి వేయించాడు, తనే ఒకసారి వేశాడు. చివరికి, “ఇది చేతబడి కాదు మరి” అన్నాడు. ఆ గూడెంలో అంతకు ముందు కీళ్లనొప్పులతో పోయిన ఒక పిల్లగాడి విషయంలో ఎవరి మీదనో అనుమానం ఉండేదని మాకు అప్పుడే తెలిసింది. ఆ పెళ్లి జరిగిందా లేదా అన్నది ఆ రెండు ఇళ్ల సంగతి, ఇక్కడ రాయం. జబ్బున్న పాపకు మాత్రం ఆదిలాబాద్ రిమ్స్‌లో మందులు మొదలయ్యాయి. నెలకోసారి ఎవరో ఒకరం తోడు వెళ్లాం. రక్తం తీయడానికి పట్టింది ఒక పూట, ఆ తర్వాతి పనికి పట్టింది రెండేళ్లు. ఆ రెండేళ్లు ఫోటోలకెక్కేవి కావు.

ఇక దేవుడి సంగతి. దీన్ని దాటవేస్తే ఈ పుస్తకం చదివేవాళ్లు మమ్మల్ని నమ్మరు. మా పెదనాయన ఒకాయన మొదటి ట్రిప్ తర్వాత మా ఇంటికే వచ్చి, “చర్చి బండి ఎక్కిన్రట. రేపు పేన్ కాడికి వస్తరా రారా?” అని అడిగాడు. ఆ ప్రశ్నలో భయం ఉంది. మా దేవుళ్లు ఇంటిపేర్లతో, సగలతో ముడిపడి ఉంటారు. మెస్రం వాళ్లు పుష్యమాసంలో గోదావరి హస్తినమడుగు నుంచి కాలినడకన జలం తెచ్చి కేస్లాపూర్ నాగోబాకు అభిషేకం చేస్తారు. ఆ నడకలో ఒక ఇల్లు తప్పుకుంటే చుట్టరికంలో ఒక పోగు తెగినట్టే. ఇంకోవైపు మా ఆరుగురిలో ఒకరు ఆదివారం చర్చికి పోయే మనిషి. అతను మాకు పరాయివాడు కాడు, దండారీలో డప్పు అందరికంటే బాగా కొట్టేది అతనే.

ఈ విషయంలో బృందాలన్నీ ఒక తీరు కాదు. ఒక బృందం, ఏ ఊరిదో చెప్పం, దుప్పట్లు పంచేముందు అందరినీ కళ్లు మూసుకోమంది. ప్రార్థన తర్వాత చేతులు ఎత్తమంది. చలికి వణికేవాళ్లు ఎందుకు ఎత్తరు? ఎత్తిన చేతులకు ఫోటో తీశారు. మేం ఆ బృందంతో మళ్లీ వెళ్లలేదు. మా కరీంనగర్ అయ్యగారు వేరే మనిషి. రెండో ఏడాది గూడెం పట్లా ఆయన్ను పక్కకు పిలిచి, “మందు ఇస్తే తీసుకుంటం. దేవుని మాట చెప్తనంటే వింటం. రెండూ ఒక్క చేతితో ఇయ్యొద్దు” అన్నాడు. మేం ఆ మాటను ఉన్నది ఉన్నట్టు దాటించాం, మెత్తబరచలేదు. అయ్యగారు ఆ రాత్రే బ్యానర్ విప్పించారు. అప్పటి నుంచి బృందం ప్రార్థన తెల్లవారుజామున బస్సు దగ్గర జరిగేది. గూడెంలోకి వచ్చాక స్టెతస్కోపు మాత్రమే. అడిగినవాళ్లకు మాత్రం ఆయన తన విశ్వాసం గురించి సాయంత్రం మంట దగ్గర చెప్పేవాడు. మా పట్లా అయ్యక్ కథ చెప్పేవాడు. ఇద్దరూ ఒకరిది ఒకరు వినేవారు, ఎవరూ మారలేదు. గోండుల ఊళ్లలో కూడా స్థలదేవతల పూజకు కొలాం పూజారినే పిలుస్తారని, ఈ కొండలకు ముందు నుంచీ ఉన్నవాళ్లు వాళ్లేనని మా నమ్మకమని తెలిశాక ఆయన పట్లాను ‘అయ్యగారూ’ అనడం మొదలుపెట్టాడు. మాకు నవ్వొచ్చింది. కానీ పట్లా నవ్వలేదు, ఆ పిలుపు తనకు తగినదే అన్నట్టు పలికాడు.

మన ప్రాంతంలో మిషన్ సేవ ఇవాళ మొదలైంది కాదు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి వైపు తమిళుడు. తెలుగు నేర్చుకుని ఈ నేల మీదే ఉండిపోయాడు, 1945లో ఇక్కడే పోయాడు. ఆయన 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో తెల్లదొరల ముఖం మీదే ఒక మాట అన్నాడు. మీరు మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇప్పుడు మాకు కావలసింది స్నేహితులు అన్నది దాని సారం. 1915లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ కూడా రెండు రోజుల క్యాంపుకు వచ్చిన మనిషి కాదు. ఊరు తరిమేసినవాళ్లతో ఏళ్లకేళ్లు ఉంది. ఆ ఆసుపత్రికి సాయపడిన నర్సాగౌడ్ క్రైస్తవుడు కాదు.

చర్చికి సంబంధం లేకపోయినా మా వైపు అందరూ తలుచుకునే జంట హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపాక, మా వాళ్ల కష్టాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయన్ను వాడుకుంది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు, గోండి నేర్చుకున్నాడు. 1943లో అక్కడ గోండు యువకులకే పంతుళ్ల శిక్షణ మొదలైంది. మా బడికి బయటి పంతులును తెచ్చి పెట్టకుండా మా వాళ్లనే పంతుళ్లను చేశారు. ఆ పంతుళ్ల మనవళ్లు కొందరు ఇవాళ ఈ పుస్తకం చదివే టీచర్లలో ఉండి ఉంటారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో పోతే మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. తర్వాత ఆయన అస్థికలూ ఆమె పక్కకే చేరాయి. మాకు గుర్తున్నవాళ్లంతా ఉండిపోయినవాళ్లే. కానీ అందరూ ఉండిపోలేరు కదా. కరీంనగర్‌లో పరీక్షలున్న పిల్లలు, డ్యూటీ ఉన్న నర్సులు ఏం చేయాలి?

దీనికి జవాబు మా దగ్గరే ఉందని మాలోని ప్రధాన్ దోస్తు అంటాడు. ప్రధాన్‌లు కీక్రీ పట్టుకుని తమ గోండు దాతల ఇళ్లకు తరతరాలుగా పోతారు. ఒక్క పూట ఉంటారు, కథ పాడతారు, ధాన్యమో పశువో తీసుకుంటారు. కానీ మళ్లీ వస్తారు, అదే ఇంటికి వస్తారు. ఆ ఇంట్లో ఎవరు పుట్టారో ఎవరు పోయారో వాళ్లకు తెలుసు. దండారీ కూడా అంతే. ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి అతిథిగా పోతే, ఆ ఊరి జట్టు వీళ్ల ఊరికి రావాలి. తినిపోవడమే తప్ప పెట్టడం లేకపోతే అది దండారీ కాదు. ఉండిపోవడానికీ ఒక్కసారి వచ్చిపోవడానికీ మధ్యన ఇంకో పద్ధతి ఉందన్నమాట. అదే ఇంటికి మళ్లీ మళ్లీ రావడం, వాళ్లను కూడా మన ఇంటికి రానివ్వడం.

ఇది బృందానికి తెలిసి వచ్చింది 2020లో. లాక్‌డౌన్‌లో బస్సు రాలేదు. చర్చివాళ్లు డబ్బు పోగేసి మాకు పంపి, బియ్యం కొని పంచమన్నారు. గూడెం కూర్చుంది. బియ్యం వద్దన్నారు. ప్రభుత్వం మనిషికి 12 కిలోల చొప్పున ఇచ్చింది, ఉంది. వారం అంగళ్లు మూతపడ్డాయి కాబట్టి ఉప్పు, నూనె, కారం, సబ్బు కావాలన్నారు. మిగిలిన డబ్బుతో చెడిపోయిన చేతిపంపు బాగుచేయించాలన్నారు. అలాగే చేశాం. లెక్క బడి గోడ మీద బొగ్గుతో రాశాం, దాని ఫోటో కరీంనగర్ పంపాం. ఆ ఏడాది పంపులో పోసిన డబ్బుకు అంతకు ముందు మూడేళ్ల బిస్కెట్లు సరిపోవని ఫార్మసిస్టు ఆయనే అన్నాడు. (ఆయనకు మాటలు తక్కువ. ఈ ఒక్క మాట మాత్రం బాగా అన్నాడు.)

అప్పుడే మేం అడిగాం. వస్తే వానకాలంలో రండి అని.

2022 జూలైలో గోదావరి పొంగి, కడెం ప్రాజెక్టు నిండి పొర్లిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఆగస్టులో వచ్చారు. నలభై మంది కాదు, నలుగురే. ఇద్దరు నర్సులు, ఫార్మసిస్టు, అయ్యగారు. ఆసిఫాబాద్ దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి జీపు, చివరి నాలుగు కిలోమీటర్లు మోకాలి లోతు బురద. తొమ్మిది రోజులు బడి గదిలో పడుకున్నారు. బ్యానరు లేదు, పాటల పెట్టె లేదు. ఏఎన్ఎం ముందు వాళ్లను అనుమానంగా చూసింది, ఎవరు వచ్చినా ఆమె రిజిస్టర్లో పని పెరుగుతుందే గాని తగ్గదు. వాళ్లు ఆమె దగ్గరికే పోయి, “మీ లిస్టు ఇవ్వండి, మీరు చెప్పిన ఇళ్లకే పోతాం” అన్నాక పరిస్థితి మారింది. బావుల్లో క్లోరిన్ వేశారు. కుండలో క్లోరిన్ బిళ్ల వేశాక అరగంట ఆగి తాగాలని, ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలని, ఒక రోజు దాటితే పారబోయాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి తాగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇవి పెద్ద విద్యలు కావు. వానలో, ఆ వారంలో, ఆ భాషలో చెప్పేవాళ్లు ఉండటమే కావలసింది.

టీచర్లకు ఇక్కడ ఒక విన్నపం. మీ ఆశ్రమ పాఠశాలల్లో తొమ్మిది, పది చదివే పిల్లల్లో గోండికి ఇద్దరిని, కొలామీకి ఇద్దరిని చూసి పెట్టండి. ఒకరు తప్పకుండా ఆడపిల్ల అయి ఉండాలి. ఏ బృందం వచ్చినా, చర్చిది గానీ, కాలేజీ ఎన్ఎస్ఎస్‌ది గానీ, సర్కారుది గానీ, వాళ్లను పక్కన నిలబెట్టండి. వచ్చినవాళ్లను మూడు ప్రశ్నలు అడగండి. ఎవరిని అడిగి వచ్చారు? ఫలితం కాగితాలు ఎవరు తెచ్చి ఇస్తారు? మళ్లీ ఎప్పుడు? సిగ్గుపడి అడగకుండా ఉండకండి. మంచివాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

దండారీ లెక్క ప్రకారం మేం ఇంకా అప్పు తీర్చాల్సి ఉంది. 2023 ఫిబ్రవరిలో ఆ పని మొదలైంది. కరీంనగర్, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువమంది ఒడిశా నుంచి వస్తారు. బలంగీర్, నువాపడ జిల్లాలవాళ్లు, వాళ్లలో ఆదివాసీలూ చాలామంది. అక్కడ పంట అయ్యాక అడ్వాన్సు తీసుకుని భార్యాభర్తలు పిల్లలతో సహా వస్తారు, ఎండాకాలం చివరిదాకా ఉంటారు. కరీంనగర్ యూత్ ఆ బట్టీల దగ్గర పిల్లలకు చదువు చెప్పడానికి పోతోంది, ఈసారి మీరు రండి అన్నారు. గూడెం నుంచి పదకొండు మందిమి పోయాం. మాలో పట్లా కొడుకు ఉన్నాడు, గింజలు కదిపి చూసిన ఆ తండ్రీ ఉన్నాడు. రాయపట్నం వంతెన మీద ఆయన చిల్లర తీసి గోదావరిలోకి విసిరాడు.

బట్టీ దగ్గర మా భాషలేవీ పనికిరాలేదు. గోండి కాదు, కొలామీ కాదు, తెలుగు కూడా సగమే. వాళ్ల గుడిసెలు ఇటుకలు పేర్చి వేసినవి, లోపలికి వంగి పోవాలి. మేం పలకలు పట్టుకుని నిలబడితే పిల్లలు దూరం నుంచి చూశారు, పెద్దవాళ్లు పని ఆపలేదు. మన గూడెంలో బస్సు దిగినవాళ్లు మనకు ఎలా కనబడేవారో ఇప్పుడు తెలిసిందిరా అన్నాడు పట్లా కొడుకు. పన్నెండేళ్ల పిల్ల ఒకతె, మూడు సీజన్లుగా అమ్మానాన్నలతో వస్తున్నదట, తెలుగు బాగా పట్టింది. చంకలో తమ్ముడితో మధ్యలో నిలబడింది. గింజల తండ్రి ఆమె చేత వాళ్లమ్మను అడిగించాడు, మేం ఎప్పుడొస్తే మీకు వీలవుతుంది అని.

తల్లి చేతుల మట్టి తుడుచుకోకుండానే చెప్పింది. తెల్లారకముందే ఇటుక కోత మొదలవుతుందట, పిల్లలు ఆరిన ఇటుకలు తిప్పుతారట. ఎండ ముదిరాక కొంచెంసేపు పని ఆగుతుంది. పదకొండుకు రమ్మంది. ఆదివారమే అక్కర్లేదు, బుధవారం సంతకు పోతాం కాబట్టి ఆ రోజు మాత్రం వద్దంది. పిల్ల అంతా విని మాకు ఒక్క ముక్కలో, “పదకొండుకు రమ్మంటున్నది” అని చెప్పింది.

“అమ్మ అంతసేపు చెప్పింది కదమ్మా, మిగతాది కూడా చెప్పు” అన్నాడు మా కొలాం దోస్తు.